రెండు పేపర్లు ఆన్‌లైన్‌లో చెప్పమంటున్నారు, లెక్కల క్లాసు ఎలా నడపాలి?

నాగావళి గట్టు (రాయగడ):

అందరికీ నమస్కారం. ఇక్కడ ఒడిశాలో మా డిపార్టుమెంటులో వచ్చే సెమిస్టర్ నుంచి పీజీ మొదటి సంవత్సరం వాళ్లకు రెండు పేపర్లు పూర్తిగా ఆన్‌లైన్‌లో నడపాలని తీర్మానం అయిపోయింది, అందులో లీనియర్ ఆల్జీబ్రా నా మీద పడింది. గదులు చాలడం లేదు, గెస్టు ఫ్యాకల్టీకి ఇవ్వడానికి డబ్బుల్లేవు, అసలు సంగతి అదీ. నోటీసులో మాత్రం డిజిటల్ విద్య, బ్లెండెడ్ లెర్నింగ్ అని రాశారు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మేమంతా ఫోన్ పట్టుకుని ఏదో ఒకటి చెప్పేశాం, పిల్లలూ సర్దుకున్నారు, పరీక్షలూ ఎలాగో గట్టెక్కాయి. అప్పుడు ఎవరూ క్లాసు బాగుందా లేదా అని అడగలేదు, అడిగే పరిస్థితీ కాదు. ఇప్పుడు అలా కుదరదు కదా.

నా ఇబ్బందులు గుర్తొచ్చిన వరసలో చెప్తాను. క్లాసులో నేను బేసిస్ అనే మూల భావన నిర్వచనం బోర్డు మీద ఎడమ పక్క రాసి గంటసేపూ చెరపను. కుడి పక్క నిరూపణ నడుస్తుంటే అందులోని రెండు షరతుల్లో ఎక్కడ ఇండిపెండెన్స్ వాడామో, ఎక్కడ స్పాన్ వాడామో పిల్లలు తల తిప్పి చూసుకుంటారు. స్లైడుల్లో ఆ వెసులుబాటు లేదు, తర్వాతి స్లైడు వచ్చిందంటే ముందుది పోయినట్టే. పైగా ఫోన్ తెర అరచేయంత, అందులో ఐదు వరసల మాట్రిక్స్ పెడితే చీమల బారే.

ఇంకోటి మొహాలు. రెండో బెంచీలో కూర్చునే అమ్మాయి పెన్ను ఆపేసిందంటే నేను చెప్పింది సగం క్లాసుకు ఎక్కలేదని నాకు తెలిసిపోతుంది, వెంటనే వెనక్కి వెళ్లి వేరే ఉదాహరణ తీసుకుంటాను. ఆన్‌లైన్‌లో అందరి కెమెరాలూ ఆఫ్, పేర్లలో మొదటి అక్షరాలు గుండ్రటి బిళ్లల్లో కనపడుతుంటాయి. అర్థమైందా అంటే ఎస్ మేడమ్ అని చాట్‌లో వరసగా పడతాయి. గోడకు చెప్పినట్టే ఉంటుంది.

భాష సంగతి వేరే ప్రాంతాల వాళ్లకు చెప్పినా అర్థం కాదు, ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. నా క్లాసులో ఒడియా పిల్లలు, మన తెలుగు పిల్లలు, కొండల మీద నుంచి వచ్చిన కువి, సవర పిల్లలు అందరూ ఉంటారు. పుస్తకం ఇంగ్లిష్‌లో, నా వివరణ ఒడియాలో, మధ్యలో మనవాళ్ల వైపు తిరిగి ఒక్క ముక్క తెలుగులో. క్లాసులో ఇది ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. రికార్డు చేసే వీడియోలో ఎవరి వైపు తిరగాలి?

సిగ్నల్ గురించి ఏం చెప్పమంటారు. 2021 ఆగస్టులో మా జిల్లాలోనే పద్మపూర్ వైపు ఒక స్కూలు పిల్లవాడు ఆన్‌లైన్ క్లాసు కోసం కొండెక్కి, జారిపడి చనిపోయాడు. అది మర్చిపోయి రోజూ పదింటికి అందరూ లైవ్‌లోకి రండి, రాకపోతే అటెండెన్స్ లేదు అని చెప్పడానికి నాకు మనసొప్పదు.

ఇలా సరిహద్దు జిల్లాల్లో పాఠాలు చెప్పేవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పండి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ల పేర్లు వద్దు, మా కాలేజీ కొనదు.


ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):

మేడమ్, ముందు లైవ్ క్లాసు అన్న ఆలోచన పక్కన పెట్టేయండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. నేను చెప్పేది ఎకనామిక్స్, మీ లెక్కలంత కష్టం కాదు, అయినా మా దిక్కు పరిస్థితి మీకు దగ్గరగానే ఉంటుంది. ఇక్కడ మహారాష్ట్ర అంచున పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కొందరు గోండి, మాడియా. యూనివర్సిటీ గడ్చిరోలిలో, మాకు 200 కిలోమీటర్ల పైనే. నది ఒడ్డున ఉన్న ఊళ్లలో ఫోన్లు అవతలి తెలంగాణ టవర్‌ను పట్టుకుంటాయి, అక్కడ పర్వాలేదు. భామ్రాగఢ్ వైపు అడవిలోకి పోయేకొద్దీ సిగ్నల్ ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి.

కొంచెం లెక్క చూడండి. హెచ్‌డీలో లైవ్ వీడియో గంటకు దాదాపు ఒక జీబీ తింటుంది. మన పిల్లల దగ్గర ఉండేది ఎక్కువగా రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు, రెండు క్లాసులకే అయిపోతుంది, మూడో మాస్టారికి ఖాళీ తెరే మిగులుతుంది. అదే గొంతు ఒక్కటే 32 కేబీపీఎస్‌లో రికార్డు చేస్తే గంటకు 14.4 ఎంబీ. అంటే వీడియోతో పోలిస్తే వందలో రెండు వంతులు కూడా కాదు. ఇది తెలిసిన దగ్గర నుంచి నేను వీడియో జోలికే పోవడం లేదు.

నేను చేసేది ఇదీ. పాఠాన్ని పది పన్నెండు నిమిషాల ముక్కలుగా మాట్లాడి రికార్డు చేస్తాను. దానితో పాటు మూడు నాలుగు పేజీల పీడీఎఫ్. గొంతులోనే చెప్తాను, ఇప్పుడు రెండో పేజీ పైన ఉన్న పట్టిక చూడండి, మూడో వరస మీద వేలు పెట్టండి అని. వేలు పెట్టమనడం పిల్లలకు మొదట నవ్వొచ్చింది, తర్వాత నిజంగానే పెడుతున్నారు. ఇవన్నీ వారం ముందే వాట్సాప్ గ్రూపులో వేసేస్తాను, అదీ అంగడి రోజు పొద్దున. లోపలి ఊళ్ల నుంచి పిల్లలు ఆ రోజు అమ్మానాన్నలతో సిరొంచకు వస్తారు, ఇక్కడ ఫోన్లలోకి దించుకుని ఇంటికి పోయి తీరిగ్గా వింటారు. టైమ్‌టేబుల్ వేసేవాళ్లకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది చెప్పండి.

లైవ్ వారానికి ఒక్కసారి, అదీ సందేహాల కోసమే, అందరికీ వీడియో ఆఫ్, నాకు కూడా. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు కట్ అవుతుంది, నాకు అదే సరిపోతుంది. గూగుల్ మీట్ అయితే ముగ్గురు దాటితే గంట ఇస్తుంది. రాలేని వాళ్లు ప్రశ్న వాయిస్ మెసేజ్‌గా పెడితే నేను లైవ్‌లో చదివి జవాబు చెప్పి, ఆ జవాబు ముక్క మళ్లీ గ్రూపులో వేస్తాను.

అటెండెన్స్ మీద మా దగ్గర కూడా గొడవైంది. చివరకు పాఠానికి ఒక చిన్న ప్రశ్న ఇచ్చి, వారం లోపు జవాబు రాసి ఫొటో పెట్టినవాళ్లు హాజరైనట్టే అని ఒప్పించుకున్నాం.


బరంపురం పాతకాపు:

అమ్మా, సిరొంచ మాస్టారు చెప్పింది బాగుంది కానీ వీటన్నిటికన్నా ముందు కాగితం సంగతి చూసుకో. రిటైరయిన వాణ్ణి, ఇప్పుడు ఎవరితోనూ మొహమాటం లేదు కాబట్టి చెప్తున్నా.

యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు నేరుగా బోధన, అసోసియేట్ ప్రొఫెసర్‌కు, ప్రొఫెసర్‌కు 14. నువ్వు పావుగంట పాఠం రికార్డు చేయడానికి పూటంతా కూర్చుంటే అది ఆ 16లో ఎంత కింద లెక్క? పావుగంటా, పూటా? ఇది రాతపూర్వకంగా అడుగు. నోటిమాటగా అడిగితే చూద్దాంలే అంటారు, చూడరు. సెమిస్టర్ మధ్యలో ఇంకో పేపర్ కూడా నెత్తిన పెట్టి, నీకు క్లాసుల్లేవు కదా ఖాళీయే కదా అంటారు. నా సర్వీసులో ఈ మాట ఎంతమంది ఆడపిల్లల మొహాన అన్నారో చూశాను.

అదే రెగ్యులేషన్స్‌లో ఇ-కంటెంట్ తయారీకి మార్కులు కూడా ఉన్నాయి. నాలుగు భాగాలుగా, అంటే వీడియో పాఠం, చదివే పాఠం, చర్చ, పరీక్ష, మొత్తం కోర్సు తయారు చేస్తే 12, ఒక మాడ్యూలుకు 5. నాలుగు క్రెడిట్ల మూక్, అంటే ఎవరైనా చేరగల ఆన్‌లైన్ కోర్సు అయితే 20. ప్రమోషన్ దగ్గర పనికొస్తాయి. ఎలాగూ చేస్తున్నావు, ఆ పద్ధతిలో చెయ్యి, ఫైలు పెట్టుకో. వీడియోలు ఎవరివి, నువ్వు బదిలీ అయిపోతే లేదా మానేస్తే వాటిని వాడుకోవచ్చా, అది కూడా ముందే రాయించుకో.

ఇంకో మాట. దూరవిద్య మనకు కొత్తా? హైదరాబాద్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో వచ్చింది, ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్నది అదే, దేశంలో మొదటిది. ఇగ్నో 1985లో. అక్కడ పాఠం ఒకరు రాసేవారు, ఇంకొకరు దిద్దేవారు, భాష చూసేవాళ్లు వేరు, కాంటాక్ట్ క్లాసు చెప్పేవాళ్లు వేరు. ఇప్పుడు ఆన్‌లైన్ పేరుతో ఆ పనులన్నీ ఒక్క మనిషికి అప్పజెప్పి, చేతికి కెమెరా కూడా ఇచ్చి, కానీయ్ అంటున్నారు. ఇబ్బంది ఆన్‌లైన్‌తో కాదమ్మా, నలుగురు చేసే పని ఒక్కరికి ఇవ్వడంతో.

అసలు నువ్వు కొత్తగా లెక్చర్లు రికార్డు చేయడం ఎందుకు? ఎన్‌పీటెల్ 2003 నుంచీ నడుస్తోంది, ఐఐటీల వాళ్లు, బెంగళూరు ఐఐఎస్సీ వాళ్లు చెప్పిన లీనియర్ ఆల్జీబ్రా పాఠాలు ఉచితంగా ఉన్నాయి. కేంద్రం వాళ్ల ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం 2017లో వచ్చింది, 2021 రెగ్యులేషన్స్ ప్రకారం ఒక సెమిస్టర్‌లో ఉన్న కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. లెక్చరు వాళ్లది పెట్టి, నీ సమయం లెక్కలు చేయించడానికీ సందేహాలకూ పెట్టుకో.


మహేంద్రగిరి (పర్లాకిమిడి):

పాతకాపు గారూ, ఎన్‌పీటెల్ పాఠాలు బాగుంటాయి, నేనూ పంపిస్తాను, కానీ ప్లస్ త్రీ (డిగ్రీ) దాకా ఒడియాలో వివరణ విని వచ్చిన పిల్లలకు గంటసేపు ఇంగ్లిష్ లెక్చరు ఎక్కదండి. పంపించిన వాటిలో మొదటి పది నిమిషాలు దాటి చూసినవాళ్లు ఎంతమందని అడిగితే తలలు దించుకుంటారు. మొదట మన గొంతు వినపడి, దారి తెలిశాక అది చూస్తే పనికొస్తుంది.

సిరొంచ మాస్టారితో కూడా ఒక చోట పేచీ ఉంది. ఎకనామిక్స్‌కు గొంతు చాలేమో, లెక్కలకీ మా ఫిజిక్స్‌కీ చాలదు. చెయ్యి కనపడాలి. సమీకరణం ఒక్కసారిగా తెర మీద ప్రత్యక్షమైతే పిల్లలకు భయం, ఒక్కో గుర్తూ రాస్తూ ఉంటే చూస్తూ ఆలోచిస్తారు.

మేడమ్, పెన్ ట్యాబ్లెట్ కొంటే 3, 4 వేలల్లో వస్తుంది, కానీ దానికి లాప్‌టాప్ కావాలి, తెర చూస్తూ చెయ్యి వేరే చోట రాయడం అలవాటు కావాలి. నాకు అలవాటు కాలేదు, ఫోన్‌తోనే లాగిస్తున్నాను. నేలమీద చాప వేసుకుని కూర్చుంటాను. ముందు ఒక ప్లాస్టిక్ స్టూలు, దాని మీద ఫోన్ తెర పైకి ఉండేలా వెల్లకిలా పెట్టి, కెమెరా ఉన్న కొన స్టూలు అంచు దాటి బయటికి వచ్చేలా జరుపుతాను. ఫోన్ జారకుండా మిగతా సగం మీద కందిపప్పు డబ్బా. కింద ఏ4 కాగితం, అడ్డంగా. కిటికీ ఎడమ పక్క ఉండాలి, కుడిచేత్తో రాసేవాళ్లకు చేతి నీడ కాగితం మీద పడదు. బాల్ పెన్ను వద్దు, నల్ల స్కెచ్ పెన్ను. కాగితానికి ఆరు వరసలకు మించి రాయను, ఎందుకంటే చూసేవాడి తెర మీరన్నట్టు అరచేయంతే. ఫ్యాన్ ఆపాలి, లేకపోతే కాగితం లేచి పోతుంది, ఏప్రిల్‌లో ఇది ఎంత సుఖంగా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టకపోతే రికార్డింగ్ మధ్యలో లోన్ కావాలా అంటూ ఫోన్ వస్తుంది.

మీ బోర్డు ఎడమ పక్క సంగతికి నా దగ్గర ఉపాయం ఉంది. పోస్టుకార్డంత అట్టముక్క మీద నిర్వచనం రాసి, ఫ్రేములో ఎడమ అంచున పెట్టేయండి. కాగితాలు మారుతుంటాయి, అట్ట మాత్రం కదలదు. వాడిన చోట వేలితో తట్టి చూపిస్తాను.

ఇంకో పని తప్పకుండా చేయండి, ప్రతి వరసకూ మార్జిన్‌లో నంబరు వేయండి. మాట్లాడేటప్పుడు ఇప్పుడు నాలుగో వరస, ఇది రెండో వరస నుంచి వచ్చింది అని నంబరుతో సహా చెప్పండి. రాసిన కాగితాలు ఫొటో తీసి పీడీఎఫ్ చేస్తే, వీడియో దించుకోలేని పిల్లలకు గొంతూ ఆ పీడీఎఫూ చాలు. అదే వీడియోలోంచి శబ్దం విడిగా తీయడానికి ఉచిత యాప్‌లు చాలా ఉన్నాయి, రెండు నిమిషాల పని. వీడియో యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టండి, లింకు ఉన్నవాళ్లకే కనపడుతుంది. 144పీ నాణ్యతలో మాత్రం సబ్‌స్క్రిప్టులు (అక్షరాల కింద రాసే చిన్న అంకెలు) చదవలేరు, 480పీ కావాలి.


గుమ్మం పక్క సీటు (గుణుపూర్):

నమస్తే మేడమ్, నేను స్టూడెంటుని, ఇక్కడ రాయొచ్చో లేదో తెలీదు, ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను కానీ ఈ చర్చలో అందరూ మాస్టార్లే ఉన్నారు, మా వైపు నుంచి ఎవరో ఒకరు చెప్పాలి కదా అని.

కెమెరా ఆఫ్ పెట్టేది పడుకోవడానికి కాదు మేడమ్ (కొందరు పడుకుంటారు, అది వేరే). మా ఇంట్లో ఉన్నవి ఒక గదీ వంటిల్లూ. వెనకాల తీగ మీద బట్టలు, నాన్నమ్మ మంచం, ఇవన్నీ క్లాసంతా చూస్తుంటే ఎలా ఉంటుంది? మైక్ ఆన్ చేస్తే కుక్కర్ విజిల్, పక్కింటి టీవీ, అన్నీ వెళ్తాయి. ఒక సార్ ఒకసారి మైక్ ఆన్ చేసి చెప్పమంటే మా అమ్మ అరుపు అందరికీ వినపడింది, ఆ తర్వాత సెమిస్టర్ అయ్యేదాకా నేను నోరు విప్పలేదు. ఫోన్ కూడా నాదొక్కదానిదే కాదు, తమ్ముడిది కూడా. వాడికి ప్లస్ టూ, వాడి క్లాసు ఉంటే నాది పోయినట్టే.

అర్థమైందా అని అడగొద్దు మేడమ్. ముప్పై మంది ముందు కాలేదు అని ఎవరు టైప్ చేస్తారు? మాకు ఒక మేడమ్ ఏం చేసేవారంటే, ఒక మెట్టు దాకా చేసి ఆపి, తర్వాత వచ్చే సంఖ్య ఎంతో నాకు ఒక్కదానికే మెసేజ్ చెయ్యండి అనేవారు. గ్రూపులో కాదు, విడిగా. తప్పు పెట్టినా ఎవరికీ తెలీదు కదా, అందరం పెట్టేవాళ్లం. ఆవిడకి కూడా వెంటనే తెలిసిపోయేది, పదిమంది ఒకే తప్పు పెట్టారంటే ఎక్కడ చెడిందో.

భాష గురించి అడిగారు కదా. ఒడియాలోనే చెప్పండి, మా తెలుగు వాళ్లకు ఒడియా వచ్చు, పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. ఎక్కడైనా మరీ కష్టమైతే తెలుగులో చిన్న వాయిస్ మెసేజ్ పెట్టండి చాలు. నిజంగా కష్టం నా సవర ఫ్రెండుకి. తనకి ఒడియా కూడా బడిలో నేర్చుకున్నదే. క్లాసులో మాస్టారు గబగబా చెప్పేస్తే తను సగం వదిలేసేది, అడగడానికి సిగ్గు. రికార్డింగ్ వచ్చాక వెనక్కి తిప్పి తిప్పి మూడేసి సార్లు వినేది, తన మార్కులు ఆ సెమిస్టర్‌లోనే బాగా వచ్చాయి. కాబట్టి ఆన్‌లైన్ అంటే అందరికీ చెడ్డ అనుకోకండి. లైవ్ చెడ్డ, రికార్డింగ్ కాదు.


నాగావళి గట్టు (రాయగడ):

అందరికీ చాలా థ్యాంక్స్, ముఖ్యంగా గుణుపూర్ అమ్మాయికి. రాయొచ్చో లేదో అని సందేహం అక్కర్లేదు, ఈ చర్చలో నాకు ఎక్కువ పనికొచ్చింది నీ మాటే. విడిగా మెసేజ్ చేయించడం రేపటి నుంచి మామూలు క్లాసులో కూడా పెడతాను.

అట్టముక్క ఉపాయానికి మహేంద్రగిరి గారికి దండం. కందిపప్పు డబ్బా మా ఇంట్లో చిన్నది, బియ్యం డబ్బా పెట్టాలి.

పాతకాపు గారూ, కాగితం సంగతి మీరన్నది నిజం. అడిగితే ఏమనుకుంటారో అని ఇన్నాళ్లూ ఆగాను. గంటల లెక్క గురించి హెడ్‌కు ఉత్తరం రాస్తున్నాను, కాపీ నా దగ్గర ఉంచుకుంటాను. ఎన్‌పీటెల్ విషయంలో మాత్రం మహేంద్రగిరి గారి వైపే నేను. మూల పాఠం నాది, అదనంగా చూడడానికి అది.

ఇప్పుడు అసలు తలనొప్పి మిగిలింది, పరీక్షలు. ఇంటర్నల్స్ కూడా ఆన్‌లైన్‌లోనే పెట్టమంటున్నారు. ఒకడు చేస్తే అందరూ ఎక్కించుకుంటారు, అది పాత జబ్బే. ఇప్పుడు ప్రశ్న ఫొటో తీసి ఏఐ యాప్‌లో పెడితే మెట్లతో సహా జవాబు వచ్చేస్తోంది, చక్కటి చేతిరాతతో దాన్ని ఎత్తి రాసి పంపుతారు. కెమెరా పెట్టి కాపలా కాసే సాఫ్ట్‌వేర్ గురించి ఒకరు మీటింగులో చెప్పారు, ఒకే ఫోన్‌తో ఇద్దరు చదువుకునే ఇళ్లలో అది ఎలా సాధ్యం?


సర్వర్ గది (కోరాపుట్):

కాపలా సాఫ్ట్‌వేర్ మాట వదిలేయండి మేడమ్. నెట్ తెగిందంటే అది పిల్లవాడు కాపీ కొట్టాడని రాసుకుంటుంది, మన దగ్గర నెట్ తెగని రోజేది?

నేను ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్తాను, పాఠాలు, పరీక్షలు పెట్టే సాఫ్ట్‌వేర్ మూడిల్ కూడా నేనే చూస్తాను. మూడిల్ ఉచితం, ఓపెన్ సోర్స్, 2002 నుంచీ ఉంది కాబట్టి ఏ సమస్య వచ్చినా ఎవరో ఒకరు ముందే పడి ఉంటారు, వెతికితే జవాబు దొరుకుతుంది. మీ లెక్కల వాళ్లకు రెండు విషయాలు పనికొస్తాయి. ఒకటి, క్యాలిక్యులేటెడ్ అనే ప్రశ్న రకం ఉంది, ప్రశ్న ఒకటే కానీ అంకెలు పిల్లవాడు పిల్లవాడికీ మారిపోతాయి. రెండోది, క్విజ్ సెట్టింగుల్లో మొబైల్ యాప్‌లో ఆఫ్‌లైన్‌గా రాసేందుకు అనుమతి ఇవ్వొచ్చు. పిల్లలు సిగ్నల్ ఉన్న చోట దించుకుని ఇంట్లో రాసి, మళ్లీ సిగ్నల్ దొరికినప్పుడు పంపుతారు. దీనికి టైమ్ లిమిట్ పెట్టకూడదు, గడువు తేదీ పెట్టుకోవచ్చు.

మూడిల్ లేకపోయినా ఒక చిట్కా. ప్రశ్నలోనే రోల్ నంబరు చివరి మూడు అంకెలు కలపండి. మీ రోల్ నంబరు చివర మూడంకెలు ఏ, బీ, సీ అనుకుని, ఈ మాట్రిక్స్‌కు ఐగెన్ విలువలు కనుక్కోండి అని ఇస్తే పక్కవాడిది ఎత్తి రాయడం కుదరదు. మామూలుగా సున్నా వచ్చిన వాళ్లకు లెక్క మరీ తేలికైపోతుంది, అందుకని ప్రతి అంకెకూ ఒకటి కలపమనండి.

ఏఐకి ఇది మందు కాదు, అది రోల్ నంబరుతో కూడా చేసేస్తుంది. దానికి ఒక్కటే దారి, మాట్లాడించడం. రాసి పంపిన దాంట్లో ఏదో ఒక మెట్టు చూపించి, ఇది ఎందుకు చేశావు అని ఫోన్‌లో అడగండి. మామూలు ఫోన్ కాల్, నెట్ అక్కర్లేదు. తనే చేసినవాడు తడబడుతూనైనా చెప్తాడు, ఎత్తి రాసినవాడు మూడో ప్రశ్నకు ఆగిపోతాడు. 40 మందికి ఐదేసి నిమిషాలంటే 200 నిమిషాలు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. రెండు పూటల పని. పాతకాపు గారు చెప్పినట్టు ఆ గంటలు కూడా ఉత్తరంలో రాయండి.


బరంపురం పాతకాపు:

మాట్లాడించడం మంచిదే. కానీ దానికి ఎన్ని మార్కులు అనేది నీ అంతట నువ్వు తేల్చేయకు. ఇంటర్నల్స్‌లో మౌఖికానికి ఇన్ని అని బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో (సిలబస్ తేల్చే కమిటీలో) పెట్టించి మినిట్స్‌లో రాయించు. రేపు ఎవరైనా పిల్లవాడు నాకు కావాలని తక్కువ వేశారని వెళ్తే, నీ దగ్గర ఆ మినిట్స్ ఉండాలి. ప్రతి ఫోన్‌కూ ఏ మెట్టు అడిగావో, ఏం చెప్పాడో ఒక వరస రాసి పెట్టుకో. సెమిస్టర్ చివరి పరీక్ష మాత్రం ఎవరేమన్నా హాల్లో కాగితం మీదే ఉండనీ, అక్కడ పట్టు విడవకు.


ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):

ఫోన్ చేసే వేళ కూడా చూసుకోండి. నేను సాయంత్రం చేస్తే ఆడపిల్లల ఫోన్లు నాన్నో అన్నో ఎత్తి, ఏ సార్, ఎందుకు అని నాకే వైవా పెట్టారు. ఇప్పుడు జాబితా, టైమూ ముందే గ్రూపులో వేసి, ఇంట్లో చెప్పి ఉంచమంటున్నాను.

మహేంద్రగిరి సార్, నాకూ ఒక సందేహం. డిమాండ్ కర్వులు గీయడానికి మీ స్టూలు పద్ధతి పెడదామనుకుంటున్నా. మా ఇంట్లో స్టూలు ఎత్తుగా ఉంది, కాగితం చిన్నగా కనపడుతోంది. జూమ్ చేస్తే మసక.


మహేంద్రగిరి (పర్లాకిమిడి):

జూమ్ చేయకండి సార్, కాగితాన్నే పైకి తేండి. కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పేర్చి వాటి మీద అట్ట, అట్ట మీద కాగితం. ఫోన్‌కూ కాగితానికీ మధ్య మూర కంటే కొంచెం తక్కువ ఉంటే ఏ4 నిండుగా వస్తుంది. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు తెర మీద కాగితం ఉన్న చోట వేలితో నొక్కి పట్టుకోండి, ఫోకస్ లాక్ అవుతుంది. లేకపోతే చెయ్యి కదిలినప్పుడల్లా మసకబారుతుంది.